నోటి నుంచి చేతి దాకా

టైపు మేడమ్ చనిపోయిన సంగతి మా చెల్లెలు మంజుల ఫోన్ చేసి చెప్పింది. నేను శామీర్‌పేట మండలాఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని రేషన్ కార్డుల పేర్లు ఎక్కిస్తున్నాను. "అక్కా, పనిల ఉన్నవా" అని అడిగి, "టైపు మేడమ్ పోయిందంట. పొద్దున పెరట్ల పూలు తెంపుకుంట కింద పడ్డదంట. దవఖానకు తీస్కపోయేలోపల్నే అయిపోయిందంట. మేడమోళ్ల సారే ఫోన్ జేసిండు" అంది.

ఇద్దరం బహదూర్‌పల్లి చేరేసరికి మధ్యాహ్నమైంది. కాలనీ వాళ్లంతా వచ్చి ఉన్నారు. వాళ్లకు ఆవిడ మూడో లైను ఆంటీ. గోంగూర పచ్చడి బాగా పెట్టేవారని ఒకరు, కూరగాయల బండివాణ్ని కూడా నిలబెట్టి పది ప్రశ్నలు వేసేవారని ఒకరు మెల్లగా చెప్పుకుంటున్నారు. ఒకావిడ మా పక్కన కూర్చుని, "మీరు ఆవిడకి ఏమవుతారమ్మా" అని అడిగింది.

"మేడ్చల్ల మేడమ్ దగ్గర నేర్చుకున్నం" అన్నాను.

"టైపా?"

"నేను టైపు."

"మరి ఈ అమ్మాయి?"

మంజుల నా వైపు చూసింది. మేడమ్ దగ్గర నా చెల్లెలు నేర్చుకున్నదానికి సర్టిఫికెట్ లేదు, పేరు కూడా లేదు. అది చెప్పాలంటే చాలా చెప్పాలి. ఆ ఇంట్లో, ఆ పూట చెప్పేది కాదు. అందుకని ఇప్పుడు రాస్తున్నాను.

మేడ్చల్ బస్టాండుకు ఎదురుగా ఉన్న సందులో, ఎరువుల దుకాణం పైన ఉండేది మేడమ్ ఇన్‌స్టిట్యూట్. ఇనుప మెట్లు ఎక్కితే పొడుగాటి గది ఒకటి. ఆరు ఇంగ్లీషు మిషన్లు, ఒక తెలుగు మిషన్. తొంభైల నడుమ, నేను ఇంటర్ తప్పి ఇంట్లో ఖాళీగా ఉన్న ఏడాది, అక్కడ చేరాను. మా ఊరు దేవరయాంజాల్. మా బాపు అక్కడ ఒక ద్రాక్షతోటలో పని చేసేవాడు. తోట మాది కాదు, పట్నంలో ఉండే ఒక ఆసామిది. మేం తోటలోనే, బోరు గది పక్కన రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్లం.

మేడమ్‌ది తెనాలి పక్క పల్లె. కొన్నేళ్లు పట్నంలో ఒక ఆఫీసులో స్టెనోగా చేసి మానేశారట. భర్తకు ఫ్యాక్టరీలో ఉద్యోగం. బహదూర్‌పల్లిలో కొత్తగా ఇల్లు కట్టుకున్నారు. అక్కణ్నుంచి రోజూ రెండు బస్సులు మారి మేడ్చల్ వచ్చేవారు. నూలు చీర, మగవాళ్లు పెట్టుకునేంత పెద్ద వాచీ, సంచిలో ఎప్పుడూ అరడజను చెక్కిన పెన్సిళ్లు.

నన్ను చేర్పించడానికి బాపు వచ్చిన రోజు నాకింకా గుర్తుంది. ఆయన గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. మేడమ్ ఆయన చేతుల వైపు చూశారు. వేళ్ల సందుల్లో ఆకుపచ్చ మరక.

"అన్నయ్యగారూ, ఏమిటా రంగు?"

"మైలుతుత్తం అమ్మా. సున్నంల కలిపి తోటకు కొడ్తం. బూజు రాకుంట."

"సున్నం ఎందుకు? ఒట్టి మైలుతుత్తం కొడితే ఏమవుతుంది?"

"ఆకు మాడిపోతది."

"అదెలాగ?"

'అదెలాగ' అన్నది ఆవిడ ఊతపదం అని నాకు తర్వాత తెలిసింది. ఆ పూట బాపు అరగంట సేపు స్టూలు మీద కూర్చుని మైలుతుత్తం గురించి చెప్పాడు. మెట్లు దిగుతూ, "ఏందే, నేను గిన్ని మాటలు మాట్లాడిననా" అని ఆశ్చర్యపోయాడు. మా బాపు మామూలుగా పూటకు నాలుగు మాటలు మాట్లాడే మనిషి.

మంజుల దానికి పూర్తిగా వేరు. పన్నెండేళ్ల పిల్ల. నోరు తెరిస్తే ఆపేది కాదు. తోటలో ఏ వరుసలో ఏ గుత్తికి పురుగు పట్టింది, బోరు మోటారు ఎందుకు ఆగింది, ఏ కూలామె ఎవరితో మాట్లాడటం లేదు, అన్నీ పూస గుచ్చినట్టు చెప్పేది. కానీ బడిలో ఏడో తరగతి మూడు నెలల పరీక్షలో 'మా ఊరు' గురించి వ్యాసం రాయమంటే రెండు వాక్యాలు రాసి ఊరుకుంది. 'మా ఊరు దేవరయాంజాల్. మా ఊరు బాగుంటుంది.' మిగతా కాగితమంతా తెలుపు. ఏడో తరగతికి ఆ రోజుల్లో పెద్ద పరీక్ష ఉండేది. తప్పితే అక్కడే ఆగిపోవడం, ఆగిపోయిన ఆడపిల్ల మళ్లీ బడికి పోకపోవడం మా చుట్టుపక్కల మామూలే. తెలుగు సారు అమ్మను పిలిచి, "నోరు మస్తుగుంది గని, పిల్లకు తలకాయల ఏం లేదమ్మా" అన్నాడట.

దసరా సెలవుల్లో అమ్మ, "నీతోని తీస్కపో. గా మిషిన్ల సప్పుడుకన్న జెర కుదురుగ కూసుంటదేమో" అని మంజులను నాకు అంటగట్టింది.

అది కుదురుగా ఏం కూర్చోలేదు. మొదటి రోజే నా పక్క మిషన్ మీద నేర్చుకునే అమ్మాయికి ద్రాక్ష కటింగ్ ఎట్లా చేస్తారో చెప్పడం మొదలుపెట్టింది. మేడమ్ వినీ విననట్టు కాసేపు ఉన్నారు. తర్వాత కుర్చీ దగ్గరకు లాక్కున్నారు. నేను వెళ్లి, అది బడిలో వ్యాసం రాయలేదని, సారు ఇట్లా అన్నాడని చెప్పాను. కోప్పడతారనుకున్నాను. ఆవిడ ముఖంలో కోపం లేదు. తాళం పోయిన పెట్టె ఎవరో చేతికిచ్చినట్టు చూశారు మంజులను.

"ఇంత చెబుతోంది. ఇది చేతి దాకా రాకుండా ఎక్కడ ఆగిపోతోంది? అదెలాగ?"

ఆ సెలవులన్నీ ఆవిడ అదే వెతికారు. అక్షరాలు రావేమోనని డిక్టేషన్ ఇచ్చారు. పది మాటల్లో ఎనిమిది సరిగ్గానే రాసింది. చెయ్యి నెమ్మదేమోనని చూచిరాత రాయించారు. గుండ్రంగా, తొందరగా రాసింది. "ఇదీ కాదు" అని పెన్సిల్‌తో కొట్టేసుకునేవారు, తన పుస్తకంలో. వ్యాసం రాయమని ఒంటరిగా కూర్చోబెడితే మాత్రం మంజుల పెన్ను పట్టుకుని కిటికీలోంచి బస్సులు లెక్కపెట్టేది.

ఒకరోజు మేడమ్ ఆ పిల్లను మళ్లీ కటింగ్ గురించి చెప్పమని, అది చెబుతున్నంత సేపూ షార్ట్‌హ్యాండ్‌లో రాసుకున్నారు. తర్వాత తెలుగు మిషన్ ముందు కూర్చుని, ఒక్క అక్షరం మార్చకుండా, అది ఎట్లా మాట్లాడిందో అట్లాగే కొట్టి కాగితం చేతికిచ్చారు. అందులో కొంత నాకు ఇప్పటికీ నోటికి వచ్చు.

'ద్రాక్షచెట్టుకు ఏడాదికి రెండుసార్లు కటింగ్ జేస్తరు. ఎండకాలం జేసేది చెట్టు కోసం. దసరాకు జేసేది పండ్ల కోసం. కోసినంక చెట్టు ఏడుస్తది. కొసలకెళ్లి నీళ్లు కారుతయి. మా బాపు ఏమంటడంటే, ఏడిస్తె మంచిదే, లోపట పాణం ఉన్నట్టు అంటడు.'

మంజుల చదివి కిసుక్కున నవ్వింది. మళ్లీ చదివింది. ఈసారి నవ్వలేదు.

"మేడమ్, గిది నేను జెప్పిందే కదా."

"నువ్వు చెప్పిందే."

"అచ్చుల పడ్డదేంది మరి?"

అచ్చులో పడేది వేరేవాళ్ల మాటలు మాత్రమే అనుకుంది అది. ఆ కాగితం మడిచి లంగా జేబులో పెట్టుకుని, బస్సులో నాలుగుసార్లు తీసి చూసుకుంది.

ఇక్కడే మేడమ్ ఒక తప్పు చేశారు. ఆవిడ గురించి మంచే చెప్పాలని కూర్చున్నా, ఇది దాచడం ఆవిడకే నచ్చదు.

బడి తెరిచాక సారు 'మీకు తెలిసిన ఒక పని' గురించి ఇంటి దగ్గర రాసుకుని రమ్మన్నాడు. మంజుల ఆ కాగితాన్నే చూసి రాస్తానంది. బడికి ఆ భాష పనికిరాదని మేడమ్‌కు అనిపించింది. సంబరంలో ఉన్నారేమో, తనే కూర్చుని దాన్నంతా పుస్తకాల భాషలోకి మార్చేశారు. 'ద్రాక్ష మొక్కకు సంవత్సరమునకు రెండు పర్యాయములు కత్తిరింపులు చేయుదురు' అని మొదలుపెట్టారు. చెట్టు ఏడుస్తది అన్నచోట 'కొనల నుండి ద్రవము స్రవించును' అని పెట్టారు. మంజుల దాన్ని చక్కగా ఎత్తి రాసుకుని వెళ్లింది.

సారు చదివి, క్లాసులో నిలబెట్టి అడిగాడట. "స్రవించును అంటే ఏందో చెప్పు."

అది చెప్పలేకపోయింది.

"ఎవరు రాసిచ్చిన్రు?"

అదీ చెప్పలేదు. మేడమ్ పేరు చెబితే ఆవిడకు ఏమవుతుందోనని భయపడిందట. దొంగతనం చేసినట్టు పీరియడ్ అయ్యేదాకా నిలబెట్టాడు. ఇంటికి వచ్చి పుస్తకాల సంచి మూలకు పెట్టింది. అప్పటినుంచి మాట్లాడటం మానేసింది. అడిగితే ఊ, ఊహూ. తోటలో కూలీలు, "ఏమైంది రేడియో బందైంది" అని నవ్వులాటకు అన్నారు గానీ, రెండో రోజుకు వాళ్లూ నవ్వలేదు.

అమ్మకు కోపమొచ్చింది. "గామె సక్కజేస్తననె. ఉన్న నోరు గూడ వాయె. ఇగ నువ్వు గూడ పోకు టైపుకు" అంది.

నేను ఒక్క రోజు మాత్రం వెళ్లి మేడమ్‌కు జరిగింది చెప్పాను. ఆవిడ మొత్తం విన్నారు. ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ఆవిడ అట్లా ఉండటం నేను చూడటం అదే మొదలు.

ఆదివారం పొద్దున్నే మా తోటకు వచ్చారు. రోడ్డు మీద బస్సు దిగి రెండు కిలోమీటర్లు మట్టి బాటలో నడిచి వచ్చారు. చెప్పుల నిండా దుమ్ము. అప్పటికింకా తోటలో కటింగ్ నడుస్తోంది. అనాబెషాహి రకం ద్రాక్ష పందిళ్లు, తల వంచుకుని నడవాలి. మంజుల ఒక పందిరి కింద కోసిన కొమ్మలు ఏరుతోంది. మేడమ్ దాని ముందు నేల మీదే కూర్చున్నారు.

"మంజులా, స్రవించును అనే మాట నీది కాదు. నిజానికి నాది కూడా కాదు. ఎక్కడో చదివింది, తెచ్చి పెట్టాను. నీ చెట్టు ఏడుస్తుంటే ఆ ఏడుపు తీసేశాను. తప్పు నాది. నీది కాదు. మీ సారుకు కూడా వెళ్లి ఇదే చెబుతాను."

పెద్దావిడ, అందులోనూ చదువు చెప్పే మనిషి, పన్నెండేళ్ల పిల్లకు తప్పయిందని చెప్పడం మా ఇంట్లో ఎవరం చూసి ఎరగం. అమ్మ చేతిలో నీళ్ల చెంబుతో అట్లాగే నిలబడిపోయింది. మంజుల తలెత్తలేదు. కొమ్మలు ఏరుతూనే ఉంది.

మేడమ్ దాన్ని బతిమాలలేదు. లేచి బాపుతో, "అన్నయ్యగారూ, నాకు కత్తిరించడం నేర్చుకోవాలని ఉంది. కానీ మీరు చెప్పొద్దు" అన్నారు. సంచిలోంచి రెండు తెల్ల కాగితాలు, ఒక పెన్సిల్ తీసి మంజుల పక్కన గట్టు మీద పెట్టి, ఎగిరిపోకుండా రాయి పెట్టారు. "వచ్చే ఆదివారం వస్తాను. ఎలా కొయ్యాలో ఇందులో రాసిపెట్టు. నీకెలా వస్తే అలా రాయి. ఇందులో ఏముంటే అదే చేస్తాను. ఇందులో లేనిది చెయ్యను."

గట్టు మీంచి తెచ్చిన ఆ కాగితాలు వారమంతా బోరు గదిలో కిటికీ మీదే ఉన్నాయి. శనివారం సాయంత్రం చూస్తే ఒకటి లేదు.

ఆదివారం మేడమ్ వచ్చాక మంజుల మాట్లాడకుండానే కాగితం ఇచ్చింది. నాలుగు ముక్కలున్నాయి అందులో. 'కత్తెర పట్టుకోవాలె. ముదిరిన కొమ్మ సూడాలె. ఐదు కండ్లు ఇడిసిపెట్టాలె. కొయ్యాలె.'

కండ్లు అంటే కొమ్మ మీద చిగురు పుట్టే కణుపులు. మేడమ్ కాగితాన్ని నడుముకు దోపుకుని కత్తెర పట్టుకున్నారు. పందిరి కింద నిలబడి పైకి చూశారు. చూస్తూనే ఉన్నారు. బాపు నవ్వాపుకోలేక పక్కకు తిరిగాడు.

"ముదిరిన కొమ్మ ఏది? ఇందులో లేదు" అన్నారు.

పది రోజులుగా ఊ, ఊహూ తప్ప అనని నా చెల్లెలు అప్పుడు నోరు విప్పింది. "గోధుమరంగుది మేడమ్. పచ్చగున్నది గాదు."

"అయితే ఆ మాట రాయి."

రాసింది. మేడమ్ గోధుమరంగు కొమ్మను పట్టుకుని, కొస నుంచి ఒకటి, రెండు అని లెక్కపెట్టి, ఐదో కన్ను కింద టక్కున కోసేశారు. మంజుల రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"కొసకెళ్లి గాదు మేడమ్. మొదట్లకెళ్లి లెక్కవెట్టాలె. గిప్పుడు గా కొమ్మకు పండే రాదు."

"ఎక్కణ్నుంచి లెక్కపెట్టాలో నువ్వు రాయలేదే."

"గది ఎవలకైనా ఎర్కనే ఉంటది గదా."

"నాకు తెలీదు" అన్నారు మేడమ్. "నేను తెనాలి నుంచి వచ్చినదాన్ని. చదివేవాళ్లకు ఏం తెలుసో, ఏం తెలీదో ఎవరికి ఎరుక?"

"పోనీ తియ్యమ్మా, రెండు గుత్తులే గదా" అని బాపు ఆవిడకు ధైర్యం చెప్పాడు.

మధ్యాహ్నానికి నాలుగు ముక్కలు పేజీన్నర అయ్యాయి. మంజుల రాయడం, మేడమ్ చేసి చూడటం, తప్పిపోవడం, మంజుల విసుక్కుని ఇంకో వాక్యం కలపడం. చివరి వరుస మేడమ్ ఒక్కరే, కాగితం చూసుకుంటూ, తప్పు లేకుండా కోశారు. బాపు వెనకాలే నడిచి ఒక్కో కొమ్మా పరీక్ష చేసి, "కరెక్టే ఉంది" అన్నాడు. ఆ కాగితం నేను చూశాను. సగం మాటలకు ఒత్తులు లేవు. మేడమ్ ఒక్కటీ దిద్దలేదు. ఉండబట్టలేక అడిగాను.

"చెప్పడం ముందు, దిద్దడం తర్వాత. రెండూ ఒకేసారి చెయ్యమంటే చెయ్యి ఆగిపోతుందేమో అని నా అనుమానం. నిజమో కాదో చూద్దాం" అన్నారు.

ఆ సాయంత్రం ఆవిడను బస్సు ఎక్కించడానికి ముగ్గురం నడుస్తుంటే, అడక్కుండానే మంజుల చెప్పింది.

"మేడమ్, రాద్దామని పెన్ను వట్టుకుంటనా, నోట్ల మాట వస్తది. గది తప్పని నాకు ఎర్కనే. మల్ల కరెక్ట్ మాట ఏందని దేవులాడ్త. దేవులాడి దేవులాడి దొరికేవరకు, చెప్పాలనుకున్నది ఎటో పోతది. గప్పుడు బుగులైతది, భయమైతది."

మేడమ్ రోడ్డు మధ్యలో ఆగిపోయారు. సంచిలోంచి పుస్తకం తీసి, నిలబడే రాసుకున్నారు. మూడు వారాలు వెతికిన జవాబు ఆ పిల్ల దగ్గరే ఉంది. అడిగితే చెప్పేది కాదు. చెప్పగలిగే రోజు వచ్చేదాకా ఆగాలి అంతే. ఆ తర్వాత ఎంతోమంది పిల్లల విషయంలో ఆవిడ అట్లాగే ఆగడం నేను చూశాను.

అక్కడి నుంచి పద్ధతి మారింది. ముందు మంజుల తన మాటల్లో చివరి దాకా రాసేది, ఎక్కడా ఆగకుండా. ఆ తర్వాత వేరే రోజు, వేరే రంగు పెన్సిల్‌తో, తనే కూర్చుని బడి భాషలోకి మార్చుకునేది. తనకు అర్థం చెప్పడం రాని మాట పెట్టడానికి వీల్లేదు. ఒకసారి, "గీ రెండిట్ల ఏది అసలు తెలుగు మేడమ్" అని అడిగింది.

"మీ బాపు ఇంటికొచ్చిన ఆసామితో ఒకలా మాట్లాడతారు, నీతో ఒకలా మాట్లాడతారు. రెండూ ఆయన మాటలే కదా."

"లేదు మేడమ్. బాపు అందరితోని ఒక్కతీరుగనే మాట్లాడ్తడు."

మేడమ్ ఆలోచించి, "అయితే నా ఉదాహరణ తప్పు. ఇంకోటి వెతుకుతాను" అన్నారు. చాలా ఏళ్లు వెతికారు కూడా. ఎప్పుడు కలిసినా, "అది ఇంకా దొరకలేదే" అని నవ్వేవారు.

పెద్ద పరీక్షలో చెట్ల వల్ల ఉపయోగాల గురించి వ్యాసం వచ్చింది. మంజుల పందిరి గురించి రెండు పేజీలు రాసి వచ్చింది. గొప్ప మార్కులేం రాలేదు. పాసయింది. మా అమ్మకు అంతే కావాలి. ఎనిమిదిలో చేరడానికి మేడ్చల్ హైస్కూలుకు వెళ్తూ, మధ్యలో ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కి తనే చెప్పింది ఆవిడకు.

తెలుగు సారు గురించి కూడా చెప్పాలి. మేడమ్ నిజంగానే బడికి వెళ్లి, ఆ కాగితం మార్చింది తనేనని ఆయనతో చెప్పారు. వాళ్లేం మాట్లాడుకున్నారో తెలియదు. కానీ మరుసటి ఏడాది ఆయన ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. "వీళ్ల సంగతేందో నాకు తెలుస్తలేదు మేడమ్, మీరు జెర సూడున్రి" అన్నాడు. తర్వాత ఆదివారాలు ఆ గదిలో టైపు చప్పుడు ఉండేది కాదు. ఐదారుగురు పిల్లలు ఉండేవారు. మొదలుపెట్టడమే రాని పిల్లను నడుమ నుంచి రాయమన్నారు. అందరి ముందూ చెప్పడానికి సిగ్గుపడే పిల్లను గోడ వైపు తిప్పి కూర్చోబెట్టారు. ఎవరికి ఏది కుదురుతుందో ఆవిడకు ముందు తెలిసేది కాదు. "చూద్దాం" అనేవారు. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ ముఖం వెలిగేది.

ఒక్కసారి మాత్రం ఓడిపోయారు. రాళ్లు కొట్టేవాళ్ల పిల్ల ఒకతి వచ్చేది. కథలు అద్భుతంగా చెప్పేది. రాయమంటే అక్షరాలు తారుమారు. 'బ' రాయమంటే ఒకరోజు ఒకలా, మరో రోజు ఇంకోలా. షార్ట్‌హ్యాండ్‌లో రాసి టైపు కొట్టి ఇచ్చినా, తను చెప్పిందే తను చదువుకోలేకపోయేది. మేడమ్ ఆరు నెలలు చూసి విసిగిపోయి, "నువ్వు శ్రద్ధ పెట్టడం లేదు" అన్నారు. ఆ పిల్ల మళ్లీ రాలేదు. నాలుగైదేళ్ల తర్వాత, తెలివిలో ఏ లోటూ లేకపోయినా అక్షరాలు పోల్చుకోలేని పిల్లలుంటారని, వాళ్లకు వేరే దారిలో నేర్పాలని మేడమ్ పేపర్లో చదివారు. ఆ పేపర్ పట్టుకుని మేడ్చల్ వచ్చి, నన్ను తోడు తీసుకుని క్వారీ వైపు గుడిసెల దగ్గరకు వెళ్లారు. వాళ్లు ఎప్పుడో ఖాళీ చేసి వెళ్లిపోయారట. ఎటు పోయారో చెప్పేవాళ్లు లేరు. తిరిగి వస్తూ, "తలకాయలో ఏం లేదని అన్న సారుకు, నాకూ తేడా ఏముందే" అన్నారు. నేను ఏదో సర్దిచెప్పబోతే చెయ్యెత్తి ఆపేశారు.

రెండు వేలు దాటాక టైపుకు వచ్చేవాళ్లు తగ్గిపోయారు. కింది వీధిలోనే కంప్యూటర్ సెంటర్ పడింది. నన్ను కూడా అక్కడ చేరమని పంపింది ఆవిడే. ఒక్కో మిషన్ మీదా గుడ్డ కప్పుతూ వచ్చి, చివరకు గది ఖాళీ చేశారు. అప్పటికి మా తోటా లేదు. పందిళ్లు పీకి ప్లాట్ల రాళ్లు పాతారు. బాపు ఇప్పుడు శామీర్‌పేట దగ్గర ఒక నర్సరీలో మొక్కలకు నీళ్లు పెడతాడు.

మంజుల నర్సు అయింది. పట్నంలో ఒక ఆసుపత్రిలో చేస్తోంది. డ్యూటీ మారేటప్పుడు తర్వాత వచ్చే నర్సు కోసం ఒక పుస్తకంలో రాసి పోవాలి. అందరూ జ్వరం ఎంత, బీపీ ఎంత అని రాసి సంతకం పెడతారు. మంజుల అవి రాసి, కింద ఇంకో రెండు ముక్కలు రాస్తుంది. 'ఆరో మంచం పెద్దమ్మ ఆకలి లేదంటోంది కానీ పక్కవాళ్లు తింటుంటే చూస్తోంది. కట్టించుకున్న పళ్లు ఇంట్లో మర్చిపోయినట్టుంది, అడగండి.' ఒక డాక్టరు ఇది ఎవరు రాశారని అడిగి మరీ తెలుసుకున్నాడట. అది మేడమ్‌కు చెబితే, పొగడలేదు. "ఆవిడ చూస్తోందని నువ్వు ఎలా కనిపెట్టావు? ఏ వైపు నిలబడి ఉన్నావు?" అని గుచ్చి గుచ్చి అడిగారట. గంటసేపు ఫోన్ మాట్లాడుకున్నారు. ప్రతి పదిహేను రోజులకూ అట్లా మాట్లాడుకునేవారని నాకు మొన్న బహదూర్‌పల్లిలో మేడమ్ భర్త చెబితేనే తెలిసింది. చావు కబురు మొదట మంజులకే ఎందుకు వచ్చిందో అప్పుడు అర్థమైంది.

నేను మేడమ్‌ను చివరిసారి చూసింది పోయిన వానాకాలంలో. ఆఫీసు అయిపోయి శామీర్‌పేటలో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. సన్నగా తుంపర. రోడ్డు అవతల, కరీంనగర్ వైపు వెళ్లే బస్సులు ఆగేచోట, ఒకామె బొగ్గుల మీద మక్కకంకులు కాలుస్తోంది. ఆ పక్కన చెక్క బల్ల మీద మేడమ్. చెరువు చూడటానికి చుట్టాలను తీసుకుని వచ్చారేమో, వాళ్లు కొంచెం దూరంలో గొడుగుల కింద నిలబడి, వెళ్దామని చేతులు ఊపుతున్నారు. ఆవిడ చూడటం లేదు. కంకులామె కూతురు కాబోలు, ఏడెనిమిదేళ్ల పిల్ల, ఎదురుగా నిలబడి ఏదో చెబుతోంది. చెరువులో చేప గురించో, పాము గురించో నాకు వినిపించలేదు. నేను "మేడమ్" అని రెండుసార్లు పిలిచాను. మధ్యలో లారీ అడ్డం వచ్చింది.

లారీ పోయి, మా బస్సు కదిలేసరికి, ఆ పిల్ల రెండు చేతులూ బారుగా చాపి, ఇంత పొడుగు అన్నట్టు చూపిస్తోంది. మేడమ్ సగం తిన్న కంకి ఒళ్లో పెట్టుకుని, తన రెండు చేతులూ చాపి, ఇంతా అని అడుగుతున్నారు. పిల్ల తల అడ్డంగా ఊపి, దగ్గరకు వచ్చి, ఆవిడ చేతులు పట్టుకుని ఇంకా దూరం జరుపుతోంది.